మెరిసే మబ్బులు, ఒక దుప్పటి

అమెరికాలోని మోంటానాలో సూర్యోదయానికి గంట ముందు, గూడ్సు బండికి దారివ్వడానికి మా రైలు ఆగింది. కిటికీలోంచి ఉత్తరాన నీలి వెండి రంగులో మెరుస్తున్న మబ్బులు కనిపించాయి. వేసవిలో ఎప్పుడో, అదీ చీకటి ఉన్నంతసేపే కనబడే ఆ మబ్బుల కోసం నేను మూడేళ్ళుగా తిరుగుతున్నాను. తీరా కెమెరా పెడితే, రైలు పెట్టెలోని లైట్లన్నీ అద్దంలో పడుతున్నాయి. ఆర్పడం కుదరదని అటెండెంట్ చెప్పేశాడు.

పైగా పక్క సీటు పెద్దాయన వదలడం లేదు. "తెలుగమ్మాయివేనా? ఏం తీస్తున్నావు? ఎటు చూడాలి?"

"అంకుల్, ప్లీజ్. ఈ రిఫ్లెక్షన్‌తోనే చస్తున్నాను," అన్నాను విసురుగా.

ఆయన లేచి, తాను కప్పుకున్న దుప్పటిని నా తల మీదుగా కిటికీదాకా గుడారంలా పట్టుకుని నిలబడ్డారు. అద్దంలో లైట్లు పోయాయి. రైలు కదిలేదాకా, అరగంట పాటు తీస్తూనే ఉన్నాను.

నేను దుప్పటి కిందనుంచి బయటికి రాగానే ఆయన చేతులు దించి, భుజాలు నొక్కుకున్నారు. "పడ్డాయా?" అని అడిగారు.

"పడ్డాయి అంకుల్. మీరూ చూడండి," అంటూ కిటికీ వైపు తిరిగాను. అప్పటికే తెల్లారిపోతోంది. మబ్బులు లేవు.

"నువ్వు చూశావు కదమ్మా," అని ఆయన దుప్పటి మడతపెట్టుకున్నారు.

ఆ ఫోటోను ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా నా మీద నాకే విసుగొస్తుంది. ఒక్క నిమిషం ఆయన్ని దుప్పటి కిందికి పిలవాలని నాకు తోచనేలేదు.