అత్తగారు చల్లిన తీర్థం

చెవులు వినపడేవాళ్ళకీ వినపడనివాళ్ళకీ ఒకే తండ్రివైన దేవా, నీకు స్తోత్రం. మాటతో లోకాన్ని కలగజేసి, ఆ మాట అందనివాళ్ళ దగ్గరికి వేరే దారిన నడిచి వచ్చే నీ దయకి స్తోత్రం. ఏ మేలు జరిగినా ముందు నీకు చెప్పుకుని ఆ తరువాతే మనుషులకి చెప్పాలని మా అమ్మ నేర్పింది. అందుకే ముందు నీకు చెప్పాను. ఇక మనుషులకి చెబుతాను.

మా అత్తగారు దరియాలతిప్ప ఆడపడుచు. పెళ్ళయి యానాం వచ్చినప్పటినుంచీ గుడిలో ఆడవాళ్ళ వైపు రెండో వరసలో ఆవిడ చోటు ఆవిడదే. ఆవిడ పాట ఎత్తుకుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా సర్దుకుని అందుకునేవారు. కొన్నేళ్ళ కిందట వినికిడి సన్నగిల్లడం మొదలై, ఆఖరికి పూర్తిగా పోయింది. చెవికి మిషను పెట్టించాం. హోరు తప్ప మాట తెలియడం లేదని తీసి సొరుగులో పడేసింది. ఒక ఆదివారం పూజకి బయల్దేరుతుంటే, "మీరెళ్ళండమ్మా. ఫాదరుగారి పెదాలు కదలడం చూసి రావడానికి నేనెందుకు?" అని గడప దగ్గరే కూర్చుండిపోయింది. దాదాపు ఏడాది అలాగే గడిచింది.

నేను గుడిలో పిల్లలకి సత్యోపదేశం చెబుతాను. పెళ్ళికి ముందు ఒక ఆఫీసులో టైపు చేసేదాన్ని. ఒకరోజు పాఠం చెబుతూ, బైబిల్లో మాట పడిపోయిన ముసలి యాజకుడు పలక అడిగి కొడుకు పేరు రాసి చూపించిన ఘట్టం దగ్గర ఆగిపోయాను. దేవుడు పలకతో కూడా పని జరిపించాడు కదా అనిపించింది. ఆ వచ్చే ఆదివారం ఆవిడని బతిమాలి బయల్దేరదీసి, నా పాత లాప్‌టాప్ పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నాను. పఠనాలు పుస్తకంలో ఉంటాయి గానీ ప్రసంగం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఫాదరుగారు చెబుతుంటే పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో టైపు చేస్తూ పోయాను. మధ్యలో ఆయన ఏదో చమత్కారం అంటే గుడంతా నవ్వింది. నేను టైపు చెయ్యడం అయ్యాక, అందరూ ఊరుకున్న తరువాత, అత్తగారు ఒక్కతే పైకి నవ్వింది. ఫాదరుగారు ఆగి, ఇటు చూసి, తనూ ఇంకోసారి నవ్వారు.

ఫోనుతో కూడా ప్రయత్నించాం. మాట విని తనే రాసిపెట్టే ఏర్పాటు ఉంది గానీ, మా గుడిలో గొంతు మారుమోగుతుంది, అది ఏవేవో పిచ్చి రాతలు రాసేది. నాకా లాప్‌టాపే గతి.

ఈ ఏడు ఈస్టరు ముందరి తపస్సుకాలంలో దాని బ్యాటరీ ఉబ్బింది. బల్ల మీద పెడితే ఊగేది. మా ఆయన కాకినాడలో కొత్తది కొనుక్కొచ్చి, అందరం మట్టలు పట్టుకుని గుడికెళ్ళే మట్టల ఆదివారం ముందురోజు మధ్యాహ్నం భోజనాల బల్ల మీద తనే వేశారు. రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు విప్పి బిగించే మనిషి. "దీన్లో ఏముంది, నాలుగు స్క్రూలు," అన్నారు.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా అత్తగారి దీవెన పడ్డాకే పనిలోకి దిగాలి. బండయినా మిక్సీ అయినా అంతే. ఫాదరుగారు మంత్రించి ఇచ్చిన నీళ్ళని మేం తీర్థం అంటాం. అది చిన్న సీసాలో గోడ మీది సిలువ పక్కనే ఉంటుంది. కొత్త బ్యాటరీ అని తెలిసి ఆవిడ ఆ సీసా తెచ్చి, మేం ఇటు తిరిగేలోగా, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అంటూ కీబోర్డు మీద చల్లేసింది.

మా ఆయన మీట నొక్కారు. తెర నల్లగానే ఉంది. ఛార్జరు తగిలించి నొక్కారు. అలాగే ఉంది.

"పోయింది. అమ్మ దీనికి స్నానం చేయించేసింది."

"నాలుగు చుక్కలేనండి."

"ఒక్క చుక్క చాలు. బ్యాటరీకి జ్ఞానస్నానం ఏంటి, ఎక్కడైనా ఉందా?" అని సీసా వైపు చెయ్యి చూపించారు.

ఆవిడకి మాటలు వినపడవు. కొడుకు ముఖం, ఆ చెయ్యి కనపడతాయి కదా. "నా నీళ్ళవల్లేనట్రా?" అంది. తన గొంతు తనకి తెలియదు కాబట్టి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది. ఆవిడ సీసా మూత బిగించి, పట్టుకెళ్ళి అలమరలో చీరల వెనక పెట్టేసింది. "రేపు నేను రానులే అమ్మాయ్. నా మట్ట కూడా నువ్వే పట్టుకొచ్చెయ్," అంది.

మళ్ళీ ఆ గడప దగ్గరికే వెళ్ళిపోతోంది మనిషి. అదీ దేవుడి నీళ్ళు తన చేతిలోనే చెరుపు చేశాయన్న దిగులుతో. వంటింట్లోకి వెళ్ళి, "ప్రభువా, ఆవిడ చెయ్యి చిన్నబోనివ్వకు," అనుకున్నాను. లాప్‌టాప్ బాగుచెయ్యమని అడగడం తట్టనే లేదు.

తిరిగొచ్చేసరికి మా ఆయన మూత విప్పి పత్తితో తుడుస్తున్నారు. పత్తి పొడిగానే వస్తోంది. బ్యాటరీ ప్లగ్గు ఊడదీసి మళ్ళీ గట్టిగా పెట్టారు. మూత మూసి నొక్కారు. అదే నలుపు. దాని లైటు ఎప్పుడో చెడిపోయింది, లోపలికి కరెంటు అందుతోందో లేదో చెప్పేదేమీ లేదు.

అప్పుడు అత్తగారు వచ్చి, క్షమించమని అడగడానికి కాబోలు, దాని మీద అరచెయ్యి ఆనించింది. ఆనించి తియ్యలేదు.

"ఒరేయ్, ఇది వణుకుతోందిరా."

మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"నీ చెయ్యి పెట్టి చూడు ముందు. లోపల తిరుగుతోంది. బతికే ఉంది."

ఆయన పెట్టారు. నేనూ పెట్టాను. సన్నటి వణుకు చేతికి తెలిసింది. నేను లేచి సీలింగు ఫ్యాను కట్టేశాను. చెవులున్న మేమిద్దరం అప్పుడు విన్నాం. లోపల చిన్న ఫ్యాను తిరుగుతోంది, ఉండుండి ఏదో కీచుమంటోంది. ఆ కూత సంగతి ఫోనులో వెతికితే, ర్యామ్ అనే వేలెడంత పట్టీ తన గాడిలో సరిగ్గా కూర్చోకపోతే అలా కూస్తుందని ఉంది.

"దాన్ని నేను ముట్టుకోనే లేదు," అన్నారు మా ఆయన. మళ్ళీ తనే, "దుమ్ము దులిపాను," అన్నారు. మూత ఎలాగూ తీశాను కదా అని గోడల రంగు బ్రష్షు పెట్టి గట్టిగా దులిపారట. అన్నీ ఆపి విప్పి చూస్తే, ఆ పట్టీ ఒక పక్క క్లిప్పు ఊడి వాలి ఉంది. వేలితో నొక్కితే టక్కుమని కూర్చుంది.

ఈసారి తెర వెలిగింది.

నేను కూర్చోబోతుంటే ఆయన నన్ను పక్కకి జరగమన్నారు. ఎప్పుడూ లేనిది, తనే రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: "అమ్మా, తప్పు నా బ్రష్షుది. నీ తీర్థానిది కాదు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. "తీర్థం పడబట్టే కదరా నీ తప్పు బయటపడింది," అంది, వీధివాళ్ళకి కూడా తెలిసేలా. మా ఆయన దానికి జవాబు కొట్టబోయి, 'ఇ' ఎక్కడుందో దొరక్క వదిలేశారు.

ఆవిడ వెళ్ళి సీసా తెచ్చి సిలువ పక్కన పెట్టింది. మళ్ళీ చల్లలేదు. వేలు తడి చేసుకుని కొడుకు నుదుటి మీద సిలువ గుర్తు పెట్టింది.

మర్నాడు రెండో వరసలో తన చోట్లో, మట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రభువు పడ్డ పాటుల గురించి ఫాదరుగారు చెప్పిందంతా చదువుతూ, ఒకచోట నా మణికట్టు పట్టుకుని ఆపి, కళ్ళు తుడుచుకుని, కానియ్యమంది. మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన మెడ చాచి, తెర వెలుగుతోందా లేదా అని చూస్తూనే ఉన్నారు.

ఆవిడ చెయ్యి చిన్నబోకూడదని అడిగాను. దేవుడు ఆ చేతినే వాడుకున్నాడు. నా నమ్మకం ఇది. దానికి కృతజ్ఞత చెప్పుకోవడానికే ఇదంతా రాశాను.

చదివిన మీరూ ఒక్క నిమిషం నాతో చేతులు జోడించండి. తండ్రీ, మాట అందక గడప దగ్గర ఆగిపోయినవాళ్ళు మా వీధిలో ఇంకా ఎవరున్నారో మాకు చూపించు. వాళ్ళ పక్కన కూర్చునే ఓపిక మాకివ్వు. ఆ పాత లాప్‌టాప్‌ని ఇంకొన్నాళ్ళు లాగించు, ఆపైన నీ చిత్తం. ఆమెన్ అని మీరు కూడా అనండి.