చదివి వినిపించానన్న మాట

ప్రింటరులోంచి అప్పుడే బయటపడ్డ కాగితానికి ఒక వెచ్చదనం ఉంటుంది, కాస్త కమిలిన వాసన కూడా. కిందటి వారం నా కూతురు అలాంటి కాగితాలు నాలుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. తను అమలాపురంలో వకీలు. "చూడమ్మా, వివరాలు చెప్పానంతే, ఏఐ నిమిషంలో దస్తావేజు రాసిచ్చేసింది. ఇంక మాలాంటివాళ్ళకి పనుంటుందో ఉండదో" అంది, నవ్వుతూనే కొంచెం బెదురుగా. నాకు నవ్వు రాలేదు. ఆ వెచ్చటి కాగితాలు పట్టుకోగానే సోమయాజులుగారు గుర్తొచ్చారు. ఆయన్ని తలుచుకున్నప్పుడు నాకు ముందు కలిగేది గౌరవం కాదు, సిగ్గు.

ఆయన కొత్తపేటలో దస్తావేజు లేఖరి. పొలాలూ ఇళ్ళూ చేతులు మారేటప్పుడు కాగితం రాసిపెట్టడం ఆయన వృత్తి. వేదం చెప్పుకునే కుటుంబంలో పుట్టి, రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఒక పెంకుటింటి అరుగు మీద రాతబల్ల వేసుకున్నారు. తొంభైల మొదట్లో, డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్న నన్ను మా నాన్న ఆయన దగ్గర చేర్చారు. ఆడపిల్ల అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాయడమేమిటని వీధిలో ఒకరిద్దరు అడిగితే, "అక్షరం గుండ్రంగా ఉందండీ, తప్పు లేకుండా రాస్తుందండీ. ఇంకేం కావాలండీ?" అన్నారు సోమయాజులుగారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని.

ఆయనకి రాయడానికి పట్టే సమయం కన్నా అడగడానికి పట్టే సమయం ఎక్కువ. ఒకసారి ఐనవిల్లి నుంచి ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ పేరునున్న చేను అమ్మాలి. బాబాయిగారు ఆ కొడుకుని ఏదో కాగితం కొనుక్కురమ్మని పంపించి, ఆవిడ వైపు వంగి మెల్లగా అడిగారు: "మామ్మగారూ, ఇది మీకిష్టమేనాండీ? ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. కలం పాడయ్యిందని చెప్పి మీ వాణ్ణి రేపు రమ్మంటాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు కలం పాడైపోయింది. మర్నాడూ బాగుపడలేదు.

రాయడం అయ్యాక మొదటి అక్షరం నుంచీ పైకి చదివేవారు. చదువు రాని మనిషైతే రెండుసార్లు. "దీనివల్ల ఎవరి ఆస్తి పోతుందో వాళ్ళ మొహం చూస్తూ చదవాలమ్మాయ్. వచ్చేవాడు ఎలాగూ జాగ్రత్తగానే వింటాడు" అనేవారు. దస్తావేజు చివర 'చదివి వినిపించగా విని సమ్మతించి' అన్న మాట ఉంటుంది. ఆ మాట దగ్గర కలం ఆపి, నిజంగా వినిపించామా లేదా అని ఒక్క క్షణం ఆలోచించేవారు. అప్పట్లో అది నాకు చాదస్తంలా కనిపించేది.

ఆ దశాబ్దం చివర్లో ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. నేనూ లైసెన్సు తెచ్చుకుని, ఒక కంప్యూటరు కొని, ఆయన అరుగుకి ఎదురుగానే గది తీసుకున్నాను. కొబ్బరికాయ ఆయనే కొట్టారు. "చదవడం మాత్రం మానకమ్మాయ్" అన్నారు. ఏడాది తిరక్కుండా ఆయన దగ్గరకొచ్చేవాళ్ళంతా నా గది ముందు వరస కట్టారు. పాత ఫైలు తెరవడం, పేర్లూ హద్దులూ మార్చడం, ప్రింటు తీయడం, అంతే పని. వరసలో జనం ఉండగా చదవడానికి తీరికెక్కడ? అరుగు మీద ఆయన ఖాళీగా కూర్చుని ఉంటే నేను తల తిప్పుకుని పని చేసుకునేదాన్ని.

అలాంటి ఒక రోజు మంగమ్మగారు వచ్చింది. భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు, అక్షరం రాదు. తన ఇల్లూ కొబ్బరితోటా మరిది కొడుక్కి డబ్బు తీసుకోకుండా దఖలు రాసిస్తోంది. బతికున్నన్నాళ్ళూ తను ఆ ఇంట్లోనే ఉంటుంది, తోట తనే అనుభవిస్తుంది, అదీ ఒప్పందం. నాతో స్పష్టంగానే చెప్పింది. నేను తెరిచిన పాత ఫైలులో ఆ పేరా లేదు. తర్వాత చేరుద్దామనుకుని మరిచిపోయాను. చదివి వినిపించలేదు. వేలిముద్ర వేయించి పంపించేశాను.

రెండేళ్ళకి ఆ మరిది కొడుకు అంతా ఇంకొకరికి అమ్మేశాడు. కొన్నవాళ్ళు వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఆవిడ ఏడుస్తూ బాబాయిగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన నకలు చేత్తో పట్టుకుని, ఆవిడతో కలిసి వీధి దాటి నా గదిలోకి వచ్చారు. ఆ గదిలోకి ఆయన రావడం కొబ్బరికాయ కొట్టిన తర్వాత అదే.

"ఇది చదివి వినిపించేవామ్మాయ్?"

"వినిపించానండీ. కంప్యూటర్లో ఏదో తప్పు పడి ఉంటుందండి, ఆ పేరా ఎగిరిపోయినట్టుంది."

ఆయన నకలు మడిచి జేబులో పెట్టుకున్నారు. మంగమ్మగారు కంప్యూటరు వైపు చూసింది, కరిచే కుక్కని చూసినట్టు.

ఆవిడ తరఫున దావా వేయించింది ఆయనే. నా సాక్ష్యం ముందురోజు సాయంత్రం ఒక్కరే వచ్చారు. "వినిపించలేదని ఒక్క మాట చెప్పు. ఆవిడ ఇల్లు నిలుస్తుంది. నీ లైసెన్సు పోతే పోనీ, నా బల్ల ఉంది కదా, ఇద్దరం కూర్చుందాం" అన్నారు. నేను సరేనన్నట్టు "ఆయ్" అన్నాను. మర్నాడు బోనెక్కి, చదివి వినిపించానని ప్రమాణం చేసి చెప్పాను. కోర్టులో వెనక బల్ల మీద ఆయన తల దించుకుని కూర్చున్నారు. దావా పోయింది. మంగమ్మగారు సఖినేటిపల్లిలో చెల్లెలి ఇంటికి చేరింది. బాబాయిగారు ఆ తర్వాత నాతో మాట్లాడడం మానలేదు. కనిపిస్తే కుశలమడిగేవారు. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. తిట్టకుండానే మూడేళ్ళకి పోయారు.

ఆయన పోయిన మరుసటేడు నరసాపురంలో పెళ్ళి చూసుకుని తిరిగివస్తుంటే, గోదావరి దాటించే పంటు మీద మంగమ్మగారు కనిపించింది. నేను మొహం చాటేసేలోపే పలకరించి, పిల్లల గురించి అడిగింది. క్షమించమన్నాను.

"మీరేం చేస్తారమ్మా, మాయదారి మిషను చేసిందానికి!" అంది. "సోమయాజులు పంతులుగారు పోయేముందు చూడ్డానికెళ్తే మీ మాటే వచ్చిందండి. ఆ పిల్ల చెడ్డది కాదు మంగమ్మా, భయపడిందంతే, అన్నారండి. మిషను తప్పుకి మీరు భయపడ్డమెందుకమ్మా?"

పంటు ఇంకా గోదావరి మధ్యలోనే ఉంది. నిజం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. నేను చెప్పలేదు. రేవు రాగానే ఆవిడ సంచీ అందుకుని గట్టు మీదిదాకా మోసుకెళ్ళి ఇచ్చాను. "ఎంత మంచివారమ్మా" అంది ఆవిడ, నా చెయ్యి పట్టుకుని. ఆ మాట నాది కాదని చెప్పి తిరిగిచ్చేద్దామంటే ఇప్పుడు ఆవిడ కూడా లేదు.