గోబర్ గ్యాస్‌లో సముద్రపు మట్టి

ఎనభైల్లో, ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న ఆ రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. నేను చదివేది సముద్రం అడుగున పేరుకున్న మట్టి గురించి (ఎవరైనా అడిగితే మా నాన్న 'ఏదో పెద్ద చదువేలెండి' అని తప్పుకునేవాడు). ఆ వేసవి సెలవులకి దర్శి దగ్గర మావయ్యగారి ఊరు వెళ్ళేసరికి పెరట్లో కొత్తగా కట్టించిన గోబర్ గ్యాస్ తొట్టి, వంటింట్లో దగ్గుతూ అత్తయ్య కనిపించారు.

మా వైపు పొయ్యిలోకి పత్తికట్టె, లేదంటే మిరపకట్టె. మిరపకట్టె పొగ సంగతి పడ్డవాళ్ళకే తెలుసు. అత్తయ్య కళ్ళు పొద్దస్తమానం ఎర్రగానే ఉండేవి. కొత్తవాళ్ళు చూస్తే పాపం మావయ్యే ఏదో అన్నాడనుకునేవాళ్ళు. ఆ పొగ భరించలేకే ఆవిడ పోరి పోరి తొట్టి కట్టించుకుంది. పేడ నింపి చాలా రోజులైంది. గ్యాసైతే వస్తోంది, అగ్గిపుల్ల పెడితే మాత్రం అంటుకోవడం లేదు. మొదట్లో అంతే, వచ్చిన గ్యాసు బయటికి వదిలేస్తూ ఇంకొన్నాళ్ళు ఆగండి అని కట్టించిన ఆఫీసరుగారు చెప్పి వెళ్ళాడట. ఆగడమే! నాలాంటివాడు ఇంట్లో ఉండగా!

గొంతు సవరించుకుని అందుకున్నాను. గాలి తగిలితే బతకలేని సూక్ష్మజీవులు కొన్నున్నాయనీ, మండే గ్యాసు తయారుచేసేది అవేననీ, సముద్రం అడుగు మట్టిలో లక్షల ఏళ్ళుగా అవి అదే పనిమీద ఉన్నాయనీ చెప్పాను. పాలలో తోడు వేసినట్టు ఆ మట్టి తెచ్చి ఇందులో వేస్తే మంట గ్యారంటీ అన్నాను. మావయ్య అనుమానంగా తల గోక్కున్నాడు. అత్తయ్య మాత్రం, తోడు లేకుండా పెరుగెట్లా అవుతుందండీ, అబ్బాయి చెప్పింది సబబే అని తీర్పిచ్చేసింది.

ఇంకేముంది, మావయ్యా నేనూ ఉప్పు తెచ్చే లారీ ఎక్కి సముద్రపొడ్డున కొత్తపట్నం వెళ్ళాం. పడవవాళ్ళని బతిమాలి, తీరానికి దగ్గర్లోనే అడుగునున్న నల్లమట్టిని పీపాలకి ఎత్తించాను. ఎందుకండీ ఇది అని ఒకాయన అడిగితే, వంటకి అన్నాను. ఆయన తన పడవని రెండు బారలు అవతలికి జరుపుకున్నాడు.

తొట్టిలో పోశాక మంట మాట దేవుడెరుగు, కుళ్ళిన కోడిగుడ్ల కంపు మొదలైంది. ముందు పెరట్లో, తర్వాత ఇంట్లో, ఆపైన వీధంతా. చర్చి స్కూలు మాస్టారు మర్యాదస్థుడు కాబట్టి చేతిరుమాలుతో చెమట తుడుచుకుంటున్నట్టు నటిస్తూ ముక్కు మూసుకుని వెళ్ళేవారు. చివరికి అత్తయ్య వెండి కుంకుమభరిణె కూడా నల్లబడింది. "ఏరా, నీ జీవాలకి నా భరిణె ఏం అపకారం చేసింది?" అంది. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేచి పెరట్లోకి వెళ్ళాను. అప్పుడు పక్కింటావిడ గోడ మీదనుంచి, మీ మేనల్లుడి చదువు ఇదా వదినా అని నవ్వడం వినబడింది. "వాడేం చేశాడు? సముద్రపు మట్టి తెప్పించమంది నేనే" అని అత్తయ్య దగ్గుతూనే చెప్పింది. ఆ తర్వాత తొట్టంతా ఎత్తిపోసి, కొత్త పేడతో మళ్ళీ మొదలుపెట్టాం (ఎత్తిపోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ వివరాలు వద్దు).

కాలేజీకి వెళ్ళి మా ప్రొఫెసర్‌గారికి చెబితే ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. సముద్రపు నీళ్ళలో సల్ఫేటు ఉంటుందోయ్, అది ఉన్నంతకాలం వేరే సూక్ష్మజీవులు తిండంతా ముందు తినేసి ఆ కంపు వదులుతాయి, అది అయిపోయిన లోతుకి వెళితేగానీ నీ గ్యాసుజీవులకి వంతు రాదు, ఈ పాఠం చెప్పిన రోజు నువ్వెక్కడున్నావు అన్నారు. క్లాసులోనే ఉన్నాను. నిద్రలో ఉన్నాను.

దసరాకి మొహం చెల్లక చెల్లక వెళ్ళాను. వంటింట్లో అదే పొగ, అదే దగ్గు. ఈసారీ మంట రాలేదన్నమాట అనుకున్నాను. మావయ్య నన్ను పక్కకి లాగి, గ్యాసు వచ్చి చాలా రోజులైందనీ, గొట్టం దగ్గర తను అంటించి చూస్తే చక్కగా మండిందనీ, మీ అత్తయ్యే గ్యాసు పొయ్యి ముట్టించనివ్వడం లేదనీ విసుక్కున్నాడు. ఇంతలో ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"నువ్వే వెలిగించాలి. లేకపోతే ఈ ఊరు నిన్ను ఆ మట్టితోనే గుర్తుపెట్టుకుంటుంది."

రెండు మూడు పుల్లలు వృథా చేశాను (మావయ్య ఎందుకైనా మంచిదని గుమ్మం అవతల నిలబడ్డాడు). నీలంగా అంటుకుంది. అత్తయ్య మా ఎవరివైపూ చూడకుండా కాఫీకి పాలు పెట్టింది.

ఆ తర్వాత ఓడలెక్కి, ఎంతో లోతునుంచి మట్టి తీయించాను, దాని గురించి పాఠాలూ చెప్పాను. కుర్రాళ్ళు శ్రద్ధగా వింటారు, కొందరు నాలాగే నిద్రపోతారు, ఒకరిద్దరు నమ్ముతారు కూడా. కానీ నా మాట నమ్మి, నా పరువు కోసం అన్నాళ్ళు దగ్గిన మనిషి నాకు మళ్ళీ దొరకలేదు.