తెనాలి కాపాడిన నాచు

అమెరికా వచ్చి బాతెల్ అనే ఊళ్ళో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు మనుషులంటే ఇష్టం లేకపోలేదు. కాకపోతే వాళ్ళు పుస్తకాల్లోనే ఉండిపోతే ఇంకా బాగుండేదనిపించేది. సమాజసేవ చేస్తే టీమ్‌కి మంచి పేరొస్తుందని మేనేజర్ తలా ఒక పని ఎంచుకోమంటే, నేను ఊరి బయట చిత్తడినేలని ఎంచుకున్నాను. శనివారాలు వెళ్ళి నాచు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ ఎండిందో చూసి చెప్పాలి. నాచు మాట్లాడదు కదా. అక్కడి పెద్దావిడ (ఎప్పుడూ టోపీ తీయదు కాబట్టి నా డైరీలో టోపీ మామ్మ) మొదటిరోజే రెండు సంగతులు చెప్పింది. ఆ నేలలో కూరుకుపోయినవేవీ ఓ పట్టాన కుళ్ళవట. ఒక్క అడుగు పడినా నాచు కోలుకోవడానికి ఏళ్ళు పడుతుందట, అందుకని చెక్కబాట దిగేవాళ్ళని నేనే ఆపాలట. అంటే మాట్లాడాలి. బాగా ఆలోచించి దానికో పద్ధతి కనిపెట్టాను: దగ్గడం. (దగ్గే మనిషిని చూసి జనం బాట దిగి మరీ తప్పుకున్నారు.)

ఓ శనివారం ఓణీల ఫంక్షన్ ఫోటోల కోసం ఓ కుటుంబం వచ్చింది. పట్టులంగాలో పన్నెండేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ, కెమెరాతో వాళ్ళ నాన్న. ఆ పచ్చటి నాచు నడిమధ్య పిల్లని కూర్చోబెడితే పరుపు మీద కూర్చున్నట్టుంటుందని ఆయనకి తోచింది. నేను దగ్గాను. తర్వాత ఎక్స్‌క్యూజ్ మీ అన్నాను, నాకు మాత్రమే వినపడేంత గట్టిగా.

"మనవాళ్ళమ్మాయిలా ఉందండీ," అందావిడ భర్తతో. "అటు చూడకండి. పలకరిస్తే రూల్స్ చెబుతుంది."

అని, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పిల్లకి దారి చూపించడానికి తనే నాచులో కాలేసింది. మోకాలిదాకా దిగబడింది. కాలు బయటికొచ్చింది గానీ చెప్పు రాలేదు.

"మమ్మీ, ఇదంతా వెట్‌గా ఉంది. నేను రాను," అంది పిల్ల.

చెప్పు ఎలాగూ పోయింది, కనీసం ఫోటో అయినా దక్కనీ అన్నాడాయన. పిల్ల కాలెత్తింది.

"కాలు కింద పెట్టావంటే ఊరుకోను! వెనక్కి రా!"

అచ్చం మా అమ్మ గొంతు, తడిగుడ్డ పెట్టిన వంటింటి గుమ్మం దగ్గర వినపడేది. పొదల్లోంచి పిట్టలు లేచిపోయాయి. ఎవరా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

"ఏ ఊరమ్మా మీది?" అంది ఆవిడ, నా వైపు తిరిగి.

"తెనాలి."

"మా పిన్నివాళ్ళదీ అక్కడే. ముందే చెప్పొద్దూ?" అంటూ ఒంటి చెప్పుతో బాట మీదికొచ్చేసింది. నాచుని ఎందుకు తొక్కకూడదో టోపీ మామ్మ నేర్పిన పాఠమంతా నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎవరూ అడగలేదు. తెనాలి సరిపోయింది.

ఫంక్షన్‌కి పిలిస్తే వెళ్ళాను. "ఆ రోజు అరిచింది ఈ అమ్మాయే" అని ఆవిడ హాలంతా తిప్పి పరిచయం చేసింది. ఏదీ, మాకూ ఒకసారి వినిపించమ్మా అన్నారెవరో. దగ్గాను.

శనివారాలు ఇప్పటికీ వెళ్తుంటాను. ఆవిడ కాలు దిగబడ్డ గుంట మీద ఇన్నేళ్ళకి నాచు మళ్ళీ కమ్ముకుంది, ఎక్కడుండేదో ఆనవాలు తెలియదు. కింద చెప్పు మాత్రం చెక్కుచెదరకుండా ఉండి ఉంటుంది. ఆ అరిచిన అమ్మాయి కూడా నాలో ఎక్కడో అలాగే ఉందేమో; అప్పుడప్పుడు బాట అంచున నిలబడి, ఎవరూ లేకుండా చూసుకుని, తనని మెల్లగా పిలుస్తుంటాను.