కోడలి పక్షాన కూర్మయ్య తాత

మా తాత కూర్మయ్య తొంభై ఒక్కేళ్లు బతికాడు. సోంపేట దగ్గర మా ఊళ్లో ఉన్న మూడెకరాల జీడితోట ఆయన కొని, సొంతంగా వేసినది. ఒక్కగానొక్క కొడుకు, మా నాన్న, కిడ్నీ జబ్బుతో పోయేనాటికి తాతకు డెబ్బై ఆరేళ్లు, ఒక్కతే కూతురినైన నాకు ఆరు.

పెద్దకర్మ అయిన మర్నాడే తాత తమ్ముడు సోములు ఊరి పెద్దలను వెంటబెట్టుకొచ్చాడు.

"కోడల్ని కన్నోరింటికి పంపీ అన్నియ్యా. తోట మా కుర్రోలు సూసుకుంతారు."

తాత అరుగు మీంచి లేచాడు. "నాను సచ్చిపోనానేటి? అది ఈ ఇంటి మనిసి. ఎవుడు పంపిత్తాడో సూత్తాను!"

ఆ వారమే అమ్మను బస్సెక్కించి సోంపేట తీసుకెళ్లి, తోటంతా ఆమె పేర రిజిస్ట్రీ చేయించాడు.

సోములు ఇంటివాళ్లు మమ్మల్ని పెళ్లికీ పేరంటానికీ పిలవడం మానేశారు. తాత లెక్కచేయలేదు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో గంప పట్టుకుని అమ్మ పక్కనే నడిచేవాడు. దారిలో ఎవరైనా గొణిగితే ఆగి, "గట్టిగా సెప్పు, నాకు సెవుడు" అనేవాడు. ఆయనకు చెవుడు లేదు.

మొన్న మాఘంలో తాత పోయాడు. కొరివి పెడతామంటూ సోములు కొడుకులు ముందుకొచ్చారు. ఆడది పెట్టకూడదన్నారు పెద్దలు.

"మా మావ ఎవుల్నీ అడక్కుండానే నన్నీ ఇంట్లో ఉంచినాడు. నానూ ఎవుల్నీ అడగను" అంది అమ్మ.

నిప్పుకుండ ఎత్తుకుని శ్మశానం దారి పట్టింది. ఆమె వెనకే నేను నడిచాను.