తాత అనని ఆమెన్

నారాయణఖేడ్‌లో మేముండే గల్లీలో ఒకాయన ఇంటికి రంగులు వద్దని సున్నమే వేయించుకుంటున్నాడు. పొద్దున డ్రమ్ములో సున్నపురాళ్ల మీద నీళ్లు పోయగానే బుసబుస పొంగి, ఆ ఘాటు వాసన కిటికీలోంచి నేరుగా వంటింట్లోకి వచ్చింది. దాని వెంటే, ఎప్పుడో పోయిన మా పౌలయ్య తాత కూడా వచ్చాడు, ఎప్పటిలాగే తాను చిరాకుపడుతూ, నన్ను చిరాకు పెడుతూ.

మాది కంగ్టి దారిలో ఒక చిన్న ఊరు. ఊరి చివర రేకుల కప్పుతో మా చర్చి ఉండేది. అయ్యగారు, అంటే పాస్టరు, ఖేడ్ నుంచి నెలకొక ఆదివారం స్కూటర్ మీద వచ్చేవాడు. మిగతా అన్ని రోజులూ ఆ చర్చికి మా తాతే దిక్కు. క్రిస్మస్ ముందు గోడలకు సున్నం కొట్టేదీ, గంట కొట్టేదీ, కుక్కల్ని తరిమేదీ, కునుకు తీసే ముసలివాళ్ల భుజం మీద కర్రతో తట్టేదీ, పెళ్లిలో అయ్యగారు అడగకముందే పిల్లవాడు జవాబు చెప్పేస్తే అందరి ముందూ కసురుకునేదీ, చనిపోయినవాళ్లకు గొయ్యి తవ్వేదీ ఆయనే. కోతల పండుగకు జనం జొన్న కంకులు, కందులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు తెచ్చి పీఠం ముందు పెడితే, ప్రార్థన మధ్యలో కోడి అరిచినా సరే ఆయన దాన్ని కూడా గద్దించేవాడు. మేం పిల్లలం నోట్లో కజ్జికాయలాంటి గరిజె ముక్క దాచుకుని నమలకుండా నానబెట్టుకుంటుంటే, ఎంత దూరం నుంచైనా మా బుగ్గలు చూసి కనిపెట్టేవాడు. ఆయన మనవరాలిని కాబట్టి నాకు తిట్లు రెండింతలు.

ఈమధ్య ఇంగ్లండు పల్లెల చర్చీల గురించి ఎక్కడో చదివాను. అక్కడ పూర్వం ప్రతి చర్చికీ పారిష్ క్లర్కు అనే మనిషి ఉండేవాడట. పాస్టరు నిలబడే చోటికి కింద ఒక బల్ల దగ్గర కూర్చుని, చదువురాని జనం తరఫున జవాబులు చెప్పడం, పాట ఎత్తడం, ప్రార్థన ముగిశాక ముందుగా ఆమెన్ అనడం అతని పని. చిన్న ఊళ్లలో గంటా, గోతులూ కూడా అతనివే. చదువుతుంటే ఒళ్లు మండింది. వాళ్లకు ఆ పనికి ఒక పేరుంది, కూర్చోవడానికి బల్ల ఉంది. మా తాత నేల మీద కూర్చున్నాడు, ఆయన్ను అందరూ ‘గంట పౌలయ్య’ అన్నారు, అంతే.

మా చర్చిలోనూ ఆమెన్ ఆయనదే. అయ్యగారి ప్రార్థన పూర్తి కాగానే తాత గొంతెత్తి సాగదీసి ఆమెన్ అంటే, దాని వెనక ఊరంతా అనేది. ఆయన దగ్గొచ్చి ఆగితే జనమూ ఆగేవాళ్లు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, వానాకాలంలో, దేవయ్య అనే ఆయన చనిపోయాడు. కడుపునొప్పితో చాలా రోజులు బాధపడ్డాడు. భార్య రూతమ్మ అతన్ని దవాఖానల చుట్టూ తిప్పింది, ఏం గుణం కనిపించక చివరికి బోరంచ గుడికి తీసుకుపోయి నల్లపోచమ్మకు కోడిని కోసింది. అయినా మనిషి దక్కలేదు. శనివారం సాయంత్రం ప్రాణం పోయింది, తెల్లవారితే అయ్యగారు వచ్చే ఆదివారం. ఆరాధన అయ్యాక ఆయన చేతుల మీదుగానే మట్టి చేద్దామని శవాన్ని ఇంట్లో ఉంచి, రూతమ్మ తడిసిన చీరతో వచ్చి ఆడవాళ్ల వైపు గోడకు ఆనుకుని కూర్చుంది.

కోడి సంగతి అయ్యగారి చెవిన ఎవరు వేశారో తెలియదు. వాక్యం చెప్పడం ఆపి ఆయన సూటిగా అన్నాడు: “బోరంచకు వెళ్లినవాళ్లకు మన సమాధుల తోటలో చోటు లేదు.” ఆ వెంటనే కళ్లు మూసుకుని, ఈ మందను శుద్ధిగా ఉంచమని, అలాంటివాళ్లను వేరు చేయమని దేవుడిని గట్టిగా వేడుకున్నాడు. ప్రార్థన ముగించి ఆగాడు.

ఆమెన్ రాలేదు. రేకుల మీద వాన పడుతూనే ఉంది. జనమంతా తాత వైపు చూశారు. తాత చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

“పౌలయ్యా, ఆమెన్” అన్నాడు అయ్యగారు.

“నా నోట్లకెల్లి వస్తలేదు అయ్యగారూ. మీరే అనుండ్రి.”

అయ్యగారు ఒక్కడే అన్నాడు. ఆ మాట అంత చిన్నగా వినిపించడం నాకు అదే మొదటిసారి. ఆయన పుస్తకం సంచిలో పెట్టుకుని, మా అవ్వ వండి ఉంచిన కోడికూర కూడా తినకుండా వానలోనే స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

తాత లేచి చావుగంట కొట్టాడు. గడ్డపార భుజాన వేసుకుని సమాధుల తోటకు నడిచాడు. బురదలో గొయ్యి తవ్వించి, శవాన్ని దించి, చినుకులు పడుతున్న పుస్తకంలోంచి తనే చదివాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన మా తాత ఎట్లా అవుతాడు? గోతి ఒడ్డున నిలబడే రూతమ్మను తిట్టడం అందుకున్నాడు.

“ఎందుకు బోతివే గాడికి? నన్నడిగితే వద్దంటుంటి గదా. కోడి బాయె, మొగడు బాయె, నెల దినాల సంది ఇయ్యాలనే గదా నువ్వు చర్చి మొఖం చూసింది.”

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. రూతమ్మ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని, “సాలు మామా, ఇంటికాడ తిడుదువు. ఇగ పాట ఎత్తు” అంది. తాత ఎత్తాడు.

మరుసటి నెల అయ్యగారు వచ్చి, గంట తాడు ఇంకొకరి చేతికిచ్చాడు. ఒక్క మాటతో అయిపోయింది. ఇంగ్లండులో ఆ క్లర్కును ఒకసారి నియమిస్తే పాస్టరు తలుచుకున్నంత మాత్రాన తీసేయడానికి వీలుండేది కాదట. చదివి ఏం లాభం, తాతకు చెప్పడానికి తాత లేడు.

తీసేసినా ఆయన ఊరుకున్నది లేదు. వెనక వరసలో కూర్చుని, కొత్తాయన నోరు తెరిచేలోపే ఆమెన్ అనేసేవాడు, జనం అలవాటుకొద్దీ తాత వెంటే పోయేవాళ్లు. కొత్తాయన ఇంటికొచ్చి గోల పెట్టేవాడు. “నాకు జెప్తవేంది, ఇంట్ల గూడ గిదే లొల్లి. కూరల ఉప్పు తక్కువాయె అంటె ఆమెన్ అంటడు” అని అవ్వ తల కొట్టుకునేది. చివరికి తాత పోయినప్పుడు దేవయ్య పక్కనే ఆయనకు చోటు దొరికింది. ఆ చోటు అడిగింది రూతమ్మే.

ఇప్పుడు మా ఊళ్లో రేకుల చర్చి లేదు, స్లాబు వేసిన పెద్దది కట్టారు. గంట బదులు స్పీకర్లు, పాటకు ఒక బృందం, తెర మీద అక్షరాలు. కొత్త పాస్టరు ప్రతి వాక్యం చివరా “ఆమెన్ అనండి, ఇంకా గట్టిగా” అని అడిగి మరీ అనిపించుకుంటాడు. మొన్న ఆదివారం మా అబ్బాయితో కలిసి వెళ్లాను. సమాధుల తోటలో తాత, దేవయ్య ఉన్న పాత భాగాన్ని చదును చేసి కార్లు నిలపడానికి జాగా చేస్తున్నామని పాస్టరు ప్రకటించి, ఆ పనిని దీవించమని ప్రార్థించి, “ఆమెన్ అనండి” అన్నాడు. అద్దాలు అదిరేటట్టు అన్నారు. పక్కన మావాడూ ఫోన్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

మోచేత్తో పొడిచి, “దేనికన్నవురా?” అని అడిగాను.

“ఏమో అమ్మా. అందరన్నరు.”