ఇంజనుకు శిగం వచ్చిన రోజు

ఆత్మకూరు దిక్కు నుంచి అచ్చంపేట దగ్గరి ఒక ఊరికి ఇంజను నడపడానికి వెళ్లినప్పుడు నా వెంట ఉన్న ఆస్తి ఒక్క గొంగడి. మా గొర్రెల ఉన్ని అమ్మ వడికితే నాయిన నేసింది. ఇద్దరూ అప్పటికి లేరు. నైజాం రోజులవి; వడ్లు పట్టే గిర్ని ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఊరి బయట రేకుల కొట్టం, అందులో ఇంజను, దాని పక్కనే నా పడక. వచ్చినవాళ్లంతా "గిర్ని ఎప్పుడు నడుస్తది?" అనేవారు. తిన్నవా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఊరి మీదే నాకు కోపంగా ఉండేది.

ఇంజను ముసలిది. లోపలి రింగులు అరిగి అడుగు నూనె పైకెక్కుతోందని గిర్ని సావుకారుకు ఎన్నోసార్లు చెప్పాను. "నడిచినన్ని దినాలు నడువనీయ్" అనేవాడు.

ఒక పొద్దున వడ్లు పడుతుండగా దాని చప్పుడు మారింది. టక్ టక్ మనేది గడగడమంది. చక్రానికున్న తోలు పట్టా జారిపడింది. బరువు తప్పేసరికి ఇంకా రెచ్చిపోయింది. డీజిల్ కట్టేశాను. ఆగలేదు. అప్పుడర్థమైంది, అది తన కడుపులోని నూనెనే తాగుతోంది. నేను పోసేదాంతో దానికిక పని లేదు. చక్రం పగిలిందంటే ముక్కలు మనుషులను చంపుతాయి.

"ఉరుకుండ్రి!" అని అరిచాను. ఉరకడం అటుంచి, గిర్ని ముందున్న జనం దగ్గరికొచ్చారు. ఇంజనుకు శిగం వచ్చిందట! దేవత పూనిన మనిషిని అడిగినట్టే, వడ్లు తెచ్చిన ఒక అవ్వ చేతులు జోడించి సరిగ్గా చక్రం ముందు నిలబడింది.

"ఏం కావాల్నో చెప్పు తల్లీ! మేం ఏం తక్కువ జేసినం?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇనుముకున్నపాటి మర్యాద నాకు లేకపోయెనే అని ఏడుపూ వచ్చింది. ఏడవడానికి తీరికేది? నూనెను ఆపలేను, గాలిని ఆపగలను. గాలి పీల్చే గొట్టానికి మందంగా ఏదైనా అడ్డం పెట్టాలి. సంచులన్నీ వడ్లతో నిండి ఉన్నాయి. చేతికందింది గొంగడే. మడతలు పెట్టి గొట్టం మూతికి ఒత్తి, పైన పీట ఆనించి, నా బరువంతా దాని మీద వేశాను. లేగదూడ పొదుగు గుంజినట్టు గుంజింది. నల్లటి పొగ కక్కి, దగ్గి, ఆగిపోయింది.

అవ్వ కొంగున ముడేసుకున్న పసుపు బండారి తీసి ఇంజనుకు పెట్టింది. "సల్లవడ్డది తల్లి" అంది. జనం సంచులెత్తుకుని పోయారు. అవ్వ మాత్రం గడప దగ్గర ఆగి, చినిగి మసిబారిన గొంగడిని చూసింది.

"గిట్ల పాడాయె గద బిడ్డా. సలికి ఏం కప్పుకుంటవ్?"

"ఇంకోటి ఉన్నదవ్వా" అన్నాను. పౌరుషం, ఇంకేముంది!

"మంచిగాయె" అని ఆమె వెళ్లిపోయింది.

లేదని చెప్పి ఉంటే ఇంకో మాట అడిగేదేమో. ఆ చలికాలమంతా ఖాళీ సంచులు కప్పుకుని పడుకుంటూ అదే అనుకునేవాణ్ణి.